తీగ తెంపిన చేయి

నిజం చెప్పి చేసిన ద్రోహం ఒకటి నాలో ఉంది. ఏళ్లుగా మోస్తున్నాను. అబద్ధమైతే ఎప్పుడో పట్టుబడి తేలికపడేవాణ్ని. నేనన్న ప్రతి మాటా పరీక్షకు నిలుస్తుంది కనుక నన్నెవరూ నిలదీయలేదు. మీకు చెబుతున్నాను.

రాజం, నేను మెట్‌పల్లిలో ఒకే వాడలో పెరిగాం. నాకన్నా పెద్దవాడు. నేను రసాయనశాస్త్రం చదివి, బెల్లంపల్లి దగ్గర ఒక గనిలో గాలిని, ధూళిని పరీక్షించే ఉద్యోగంలో చేరాను. అతడు అదే గనిలో టబ్బుల్లో, అంటే పట్టాల మీది ఇనుప తొట్లలో, బొగ్గు నింపేవాడు. నా అనుమానపు బుద్ధిని చూసి నవ్వేవాడు: "ఉప్పు గూడ నాలిక మీద పెట్టినంకనే ఉప్పంటవు గదా తమ్మి." ఆ నవ్వు కోసం నా చెవులు ఇప్పటికీ వెతుక్కుంటాయి.

అతడికి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గులో ఏముందో నాకంటే బాగా తెలిసినవారు లేరు. అప్పుడే పేలుడు మందుల గిడ్డంగికి కాపలాదారు కావలసివచ్చాడు. నేలమీది పని, బొగ్గు ధూళి ఉండదు. రాజం పేరు పైకి వెళ్లింది. అలాంటి పనికి మనిషి గతాన్ని విచారిస్తారు. శిక్షపడినవాడు మళ్లీ చట్టం దాటుతాడేమోనని, అప్పులవాడు మందును దొంగచాటుగా అమ్ముకుంటాడేమోనని అనుమానం. రాజం ఊరివాణ్నేనని విచారణాధికారి నన్ను పిలిపించాడు.

శిక్ష పడిందా అన్నాడు. పడింది అన్నాను. అప్పుందా అన్నాడు. ఉంది అన్నాను.

రెండూ నిజాలే.

ఆ శిక్ష నైజాం చివరి రోజుల్లో, ఉద్యమంలో భాగంగా టెలిఫోను తీగ తెంపినందుకు పడింది. అతడి భుజాల మీద నిలబడి తెంపింది నేను. దూకి పరుగెత్తాను. నన్ను మోసిన కాళ్లు తిమ్మిరెక్కి అతడు అక్కడే దొరికిపోయాడు. నా పేరు చెప్పలేదు. అప్పు సంగతి వేరు. తండ్రి దినాల నాడు, మా వైపు ఆచారం ప్రకారం, కులపెద్దల ముందు "బాపు బాకీ నాది" అని నోటిమాటతో నెత్తికెత్తుకున్నాడు. కాగితం లేదు. కాదంటే షావుకారు ఏమీ చేయలేడు. ఎవరూ రుజువు చేయలేని బాకీని తనదన్నవాడు గిడ్డంగి తాళం అమ్ముకుంటాడా? ఈ ఆలోచన ఆ క్షణంలోనే నాకు తట్టింది. తట్టలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. కానీ శిక్ష కథ విప్పితే తీగ తెంపిన పట్టకారు ఎవరి చేతిలో ఉందో చెప్పవలసివచ్చేది. నన్నూ అలాగే విచారించి, ఏ మచ్చా లేదనే ఉద్యోగంలోకి తీసుకున్నారు. నన్ను ఆపింది భయమా, అడిగినంతే చెప్పాలన్న శాస్త్రనిష్ఠా? నిష్ఠ అనే చాలాకాలం నమ్మాను. పరీక్షిస్తే నిలవలేదు.

రాజానికి ఆ పని రాలేదు. చాందా వైపు గనులకు వెళ్లిపోతూ స్టేషనులో అడిగాడు.

"నిన్ను పిలిచిన్రట గదా తమ్మి. ఏమన్నవ్?"

"అడిగినదానికి ఉన్నదే చెప్పిన."

"మంచిగ చేసినవ్. నా కోసం అబద్ధమాడి నౌకరి పోగొట్టుకుంటవేమోనని జర పరేషానయిన."

దగ్గుతూనే నా భుజం తట్టి బండెక్కాడు.

తరువాత కబురు లేదు. చాందా వైపు నుంచి బండి వచ్చినప్పుడల్లా, దిగేవాళ్లలో ఆ దగ్గు వినబడుతుందేమోనని నిలబడతాను. బతికే ఉన్నాడా? నా దగ్గర ఆధారం లేదు. ఆశ మాత్రం ఉంది. ఎదురుపడితే క్షమించమని అడగను. ఆ అధికారి అడగని ప్రశ్నకు అతడి ఎదుటే, పదిమందీ వినేలా జవాబు చెబుతాను.

తీగ తెంపింది నేను. ఈ మాట ఇంతవరకు పైకి అనలేదు. ఇప్పుడు కనీసం మీకు తెలుసు.