మా సగం ఆయన పేరునే ఉంది

మా పక్కింటి మావయ్య పోయారు. మా ఊరి పక్కన బోద్రీ కోర్టులో ఎవరిదో దావా కాగితాలు వకీలుగారి చేతికిస్తూ అలాగే కూలిపోయారట. కబురు అందేసరికి నేను రైల్వే షెడ్‌లో డ్యూటీలో ఉన్నాను. పొద్దున్నే గేటు దగ్గర నాతో మాట్లాడిన మనిషి! నమ్మలేక ఆయన నంబరుకే ఫోన్ చేశాను. ఎవరో ఎత్తి, ఆసుపత్రికి రమ్మని హిందీలో చెప్పారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ వెంటనే నా బుర్రలోకి వచ్చిన మాట రిజిస్ట్రీ, అదే, మా ఇంటి రిజిస్ట్రేషన్. ఛీ, ఏం మనిషిని నేను!

మా నాన్న, మావయ్య కలిసి ఈ బిలాస్‌పూర్‌లో ఒక జాగా కొన్నారు. రిజిస్ట్రీ నాడు నాన్నకి సెలవు దొరకలేదు. మనం తెలుగోళ్ళమే కదా, ఎవరి పేరైతే ఏటి అని మొత్తం మావయ్య పేరునే రాయించేశారు. పక్కపక్కనే రెండు ఇళ్ళు లేచాయి. తర్వాత నాన్న పోయారు. కాగితం మాత్రం మారలేదు.

మావయ్య ఆ వకీలుగారి దగ్గర మున్షీ, అంటే గుమాస్తా. మా రైల్వే తెలుగువాళ్ళలో ఎవరు ఇల్లు కొన్నా దస్తావేజు ముందు ఆయనకే చూపించేవారు. టీ ఇస్తే పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఆ జాగాలోనే నిలబడి హద్దులు పైకి చదివేవారు. తూర్పున ఎవరు, పడమర ఎవరు అంటూ ఆ ఇంటి ఆడవాళ్ళని గట్టు వెంట నడిపించేవారు. టీ ఎప్పుడూ చల్లారిపోయేది.

“క్వార్టర్‌లో ముప్పై ఏళ్ళుంటాం, మనదైపోయిందేటి? ఉండడం వేరు, హక్కు వేరు” అనేవారు. నామినీ అంటే యజమాని కాదు, వారసులకి అప్పగించేదాకా కాపలాదారు అని ఎంతమందికి చెప్పారో! రిజిస్ట్రీ చేయించుకుని నామాంతరణ్, అంటే పేరు మార్పిడి, మరిచినవాళ్ళకైతే తిట్లే. సర్కారు పుస్తకంలో ఇంకా అమ్మినవాడి పేరే ఉందిరా అనేవారు.

నన్నూ తిట్టేవారు. మీ సగం మీకు రాసిచ్చేస్తాను, ఒక్కరోజు సెలవు పెట్టరా అని ఏళ్ళుగా వెంటపడ్డారు. ఆ పొద్దున్న గేటు దగ్గరా అదే మాట. అచ్ఛా మావయ్యా, చూద్దాం అన్నాను. నా నోరు పడిపోను.

ఇల్లు ఇక మనది కాదా అని నా భార్య అడిగింది. కాగితం ప్రకారం కాదు. మావయ్యకి పిల్లల్లేరు కాబట్టి ఇప్పుడు వారసురాలు అత్త. ఆవిడ దగ్గర ఆ మాటెత్తే మొహం నాకు లేదు.

కర్మలయ్యాక అత్తే పిలిచింది. డెత్ సర్టిఫికెట్ నా చేతిలో పెట్టి, ఏం చెయ్యాలని అడిగింది. ముందు సర్కారు పుస్తకంలో మావయ్య పేరు తీయించి ఆవిడ పేరు ఎక్కించాలి, ఆ తర్వాతే మా సగం మాకు రాసివ్వడం కుదురుతుందని చెప్పాను.

“అయితే ఆయన పేరు ఇంక ఉండదేటి?”

ఉండదన్నాను. తొందరేం లేదత్తా, ఏడాది పోనీ అన్నాను.

“ఆయనుంటే ఊరుకుంటారేటి? కాయితం ఇలాగియ్యి, నాన్నా.”

దరఖాస్తులో ‘మృతుని పేరు’ అన్నచోట నేను రాయబోతే పెన్ను లాక్కుంది. పెళ్ళయిన నాటి నుంచి మొగుడి పేరు నోటితో పలకని మనిషి, ఒక్కో అక్షరమే పైకి అనుకుంటూ ఆ పేరు మొత్తం రాసింది.