పానా బాబాయి దడ పుస్తకం

ఏ వస్తువు చేతికొచ్చినా విప్పి చూడందే తోచని మనుషులు కొందరుంటారు. పానా బాబాయి అచ్చంగా ఆ బాపతు. ఇరవై ఆరేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు. జేబులో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి పనిచేసే భవనాల్లో పిల్లాపెద్దా అందరికీ పానా బాబాయే. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో శుభ్రంగా నడుస్తున్న గోడగడియారాన్ని విప్పేశాడు. "ఆగిపోయిందా బాబూ?" అని మామగారు అడిగితే, "లేదండీ, ఎలా నడుస్తోందో చూద్దామనీ" అన్నాడట. అది తలుచుకుని వాళ్లావిడ ఇప్పటికీ నవ్వుతుంది.

అలాంటివాడికి తన గుండెనే విప్పి చూసుకునే వీల్లేకపోతే ఎంత చిరాగ్గా ఉంటుందో మీరే చెప్పండి!

ఒక మంగళవారం పొద్దున తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో, లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి ఉక్కు తాళ్లు పరీక్షిస్తున్నాడు. రోజూ చేసే పనే. ఒకరు పెట్టె మీద ఉంటే, జోడీగా వచ్చిన రెండోవాడు పైన మోటారు గదిలో ఉంటాడు. అయిదో అంతస్తు దాటాడో లేదో, గుండె దడదడలాడింది. ముచ్చెమటలు పోశాయి. అయిపోయింది, నా పని ఇవాళ్టితో సరి అనుకున్నాడు. ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేసి, "మీ గుండె గుండ్రాయిలా ఉంది. ఇది భయంతో వచ్చే దడ. మాటలతో వైద్యం చేసేవాళ్లుంటారు, చూపించుకోండి" అన్నాడు డాక్టరు.

"భయమా? నాకా?" అని నవ్వేశాడు గానీ, ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు వచ్చింది. సూపర్‌వైజరు పిలిచి, నెల రోజులు స్టోరులో కూర్చోమన్నాడు. ఆ తర్వాత కూడా పైకెక్కలేకపోతే ఇక రిటైరయ్యేదాకా స్టోరే. స్టోరంటే నట్లూ బోల్టులూ డబ్బాల్లో సర్దుకుంటూ గడపడం. పానా బాబాయికి కాళ్లూచేతులూ కట్టి పడేసినట్టయింది.

మాటల వైద్యం చేసే డాక్టరు ఫీజు కనుక్కుని మొగుడూపెళ్లాలు మొహమొహాలు చూసుకున్నారు. గంటకంతట! కనీసం పన్నెండుసార్లు రావాలట!

"పన్నెండుసార్లు వెళ్తే అప్పుడు నిజంగానే ఆగుతుంది గుండె" అన్నాడు పానా బాబాయి.

ఆవిడ నవ్వలేదు. "లోకంలో ఇదొక్కటే దారా? వెతకండి. అక్కర్లేనివన్నీ విప్పుతారుగా, అక్కరకొచ్చేది ఒకటి చూడండి" అంది.

వెతికాడు. లైబ్రరీ నుంచి ఊపిరి పుస్తకం తెచ్చి, నాలుగు లెక్కపెట్టి పీల్చడం, ఆరు లెక్కపెట్టి వదలడం నేర్చుకున్నాడు. అది కొంచెం పనిచేసింది. కొంచెమే ఎందుకు పనిచేసిందో తెలియక బుర్ర గోక్కున్నాడు. కాలేజీలో చదువుకుంటున్న డాక్టర్లు తక్కువ ఫీజుకు చూస్తారని తెలిసి పేరు రాయించాడు. వంతు రావడానికి నాలుగు నెలలట. డబ్బు తీసుకోకుండా బాధ వినే ఫోన్ నంబరొకటి దొరికితే చేశాడు. అవతలి అమ్మాయి ఎంతో ఓపిగ్గా వింది. ఈయన మాత్రం చివరికి, "ఒకేసారి పదిమంది చేస్తే ఆ ఫోన్లు ఎలా పంచుతారమ్మా?" అని అడిగి పెట్టేశాడు.

వీటితోపాటు ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాడు. లిఫ్టు చెడితే రాసే సర్వీసు పుస్తకం లాంటిదే. తేదీ, ఫిర్యాదు, కారణం, చేసిన పని. "బుధవారం, రెండున్నర, స్టోరులో, దడ, చేతులు చల్లన." కారణం కింద ప్రతిసారీ ఒకటే మాట: తెలియదు. ఇరవై ఆరేళ్లలో ఏ లిఫ్టుకీ అలా రాసి ఎరగడు.

లైబ్రరీ పైగదిలో శనివారం మధ్యాహ్నాలు కొందరు కూర్చుని మాట్లాడుకుంటారని చెప్పింది కూడా వాళ్లావిడే. రూపాయి ఖర్చు లేదు. ఉద్యోగం నుంచి రిటైరైన ఒక నర్సమ్మ, మనసు బాధలు వినడంలో శిక్షణ పొంది దాన్ని నడుపుతోంది. అక్కడ రూలు ఒక్కటే: అడగందే ఎవరికీ సలహా చెప్పకూడదు.

పానా బాబాయి మొదటి శనివారం వెళ్లి ఊగుతున్న కుర్చీ ఒకటి బిగించి వచ్చాడు. రెండో శనివారం టాక్సీ డ్రైవరు తన దడ సంగతి చెబుతుంటే కళ్లు పెద్దవి చేసుకుని, "ముందు చెయ్యి వణుకుతుందా, కాలా? ఎంతసేపు?" అని గుచ్చిగుచ్చి అడిగాడు. కొత్తగా వచ్చిన లెక్కల పంతులమ్మ ఈయనే డాక్టరనుకుని, "నమస్కారం డాక్టరుగారూ" అంది. అందరూ పగలబడి నవ్వారు. తన సంగతి మాత్రం పెదవి దాటనివ్వలేదు మహానుభావుడు.

మూడో శనివారం నర్సమ్మ నిలదీసింది. "తమ్ముడూ, మరి నీ మాటేమిటి?"

పానా బాబాయి దడ పుస్తకం తీసి ఇచ్చాడు. ఆవిడ అద్దాలు పెట్టుకుని మొదటినుంచీ చివరిదాకా చదివింది. "ఇందులో అన్నీ దడ వచ్చిన పూటలే ఉన్నాయి. రాని పూటలేవీ?"

"నడుస్తున్న లిఫ్టు గురించి ఎవరు రాస్తారక్కా? ఆగితేనే రాస్తాం."

"ఈ వారం నడిచిన పూటలు రాయి."

రాశాడు. వాళ్లావిడతో నడకకు వెళ్లిన పొద్దుటి పూటలు, టీకొట్టు, ఈ పైగది. నాలుగో శనివారం వాటిని పైకి చదివాడు. స్టోరుకెళ్లి నెల నిండుతోంది. సోమవారం పైకెక్కాలి, లేదంటే ఇక స్టోరే. విన్న టాక్సీ డ్రైవరు అన్నాడు, "అన్నా, దడ రాని చోటల్లా పక్కన ఎవరో ఒకరు వాగుతూనే ఉన్నారు. లిఫ్టు మీద ఇదివరకు నీతో ఎవరుండేవాళ్లు?"

పానా బాబాయి పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రేడియో అనేవాళ్లం వాణ్ణి. పంతొమ్మిదేళ్లు నా జోడీ. పైన మోటారు గదిలో కూర్చుని పొద్దస్తమానం ఒకటే మోత. మోకాలి నొప్పి, అల్లుడు, పక్కింటివాళ్లు... 'నోర్ముయ్యరా, చెవులు చిల్లులు పడుతున్నాయి' అని తిట్టేవాణ్ణి. నాలుగు నెలల కింద రిటైరై కూతురి ఊరెళ్లిపోయాడు. ఆఖరి రోజు 'సరే మరి' అన్నాను. అంతే అన్నాను. ఇప్పుడు మౌని అని ఒకడొచ్చాడు. పనిమంతుడే, నోరు మెదపడు." అని ఆగి, "మనిషి చచ్చిపోలేదు, నాతో పోట్లాడలేదు. రిటైరయ్యాడు, అంతే. దానికింత దడేమిటక్కా? సిగ్గుగా ఉంది" అన్నాడు.

"పంతొమ్మిదేళ్లు, తమ్ముడూ" అంది నర్సమ్మ.

"వాడు లేకపోతే నాకు బాగోలేదక్కా" అని పానా బాబాయి అందరిముందూ ఏడ్చేశాడు. ఎవరూ సలహా చెప్పలేదు. పంతులమ్మ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. వెళ్లేటప్పుడు నర్సమ్మ మాత్రం, "దీంతో తగ్గిపోతుందని నేననను. కాలేజీలో నీ వంతు వదులుకోకు" అని మరీమరీ చెప్పింది.

ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే రేడియో గంటన్నర గుక్కతిప్పుకోలేదు. చివర్లో మాత్రం గొంతు తగ్గించి, "ఇక్కడ నన్ను తిట్టేవాళ్లే లేర్రా" అన్నాడు.

సోమవారం పొద్దున అదే భవనం. పైన మోటారు గదిలో మౌని, పెట్టె మీద పానా బాబాయి. నాలుగో అంతస్తు దాకా బాగానే ఉంది. అయిదో అంతస్తులో వచ్చేసింది. పెట్టె ఆపాడు. ఇదివరకైతే పళ్లు బిగించి ఊరుకునేవాడు.

"మౌనీ! నాకు దడ వస్తోంది!"

మౌని పైనుంచి కేకేశాడు. "దిగుతావా అన్నా?"

"దిగను. ఏదన్నా మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి ఏడువు!"

చాలాసేపు ఆలోచించి, "మా వంటింట్లో కుళాయి కారుతోంది" అన్నాడు మౌని.

"వాషరు మార్చావా?"

"మార్చాను. అయినా కారుతోంది."

"ధారా, చుక్కలా?"

అలా ఆ కుళాయి ఆరో అంతస్తూ ఏడో అంతస్తూ దాటింది. ఎనిమిదో అంతస్తులో పానా బాబాయి శనివారాల పైగది సంగతి చెప్పుకొచ్చాడు. చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి, గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, అయినా పానా తిరుగుతూనే ఉంది. తొమ్మిదో అంతస్తులో ఆఖరి తాడు చూడటం పూర్తయ్యేసరికి చొక్కా తడిసి ముద్దయింది. మెట్లెక్కి మోటారు గదిలోకి వచ్చి, "అయిపోయిందిరా!" అని మౌని వీపు మీద ఒక్కటి చరిచాడు.

మౌని నవ్వలేదు. చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, తలెత్తకుండా అడిగాడు. "అన్నా, శనివారాలు నువ్వు వెళ్లేది ఎన్నింటికి?"

"మూడింటికి. ఎందుకు?"

"నాకూ ఆ దడ రెండేళ్లుగా వస్తోంది."