ఉమ్మ్ నస్రీన్ కాలేజీ ఆట పక్షం

మహబూబ్బీ అక్కది రాయచోటి పక్క పల్లె. నాది కదిరి. అల్ ఖోబర్‌లో, అల్ అజీజియాలోని ఒక సౌదీ కుటుంబంలో నేను డ్రైవరుగా చేస్తున్నాను. ఆమె అదే ఇంట్లో నాకంటే ముందునుంచీ వంట చేసేది. సొంతవాళ్లతో ఫోన్లో ఉర్దూ మాట్లాడేది, నాతో మాత్రం తెలుగే.

ఆ ఇంట్లో ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. వచ్చిన కొత్తల్లో ఇంటి పెద్దాయన "యా మహబూబా!" అని గొంతెత్తి పిలిచేవాడట. అరబ్బీలో దానికి "ఓ ప్రియురాలా" అని అర్థం. పక్కింటివాళ్లు గేటు దగ్గర అవసరానికి మించి ఆగడం మొదలుపెట్టారు. దాంతో మేడం ఒక రోజు అందరినీ కూచోబెట్టి, ఇకనుంచి ఈమె ఉమ్మ్ నస్రీన్ అని ప్రకటించింది. నస్రీన్ తల్లి అని. నస్రీన్ ఆమెకు ఒక్కతే కూతురు, రాయచోటిలో మొగుడూ పిల్లలతో ఉంటుంది. తన పేరు మీద ఇక్కడ ఇంతమంది తన తల్లిని పిలుస్తున్నారని విని ఆ పిల్ల కొన్నాళ్లు గర్వపడింది.

పెద్దాయన మేడంకు మామగారు. అందరం బాబా అంటాం. వయసులో ఉండగా అమెరికాలో చదువుకుని వచ్చి, ఖఫ్జీ ఆయిల్ ఫీల్డులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూచుని పొద్దస్తమానం టీవీలో అమెరికా బాస్కెట్‌బాల్ చూస్తాడు. చూసుకోడానికి వచ్చిన నర్సులిద్దరూ వారం తిరక్కుండా వెళ్లిపోయారు. రెండో ఆమెను బస్టాండులో దింపుతుంటే, "మనిషి మంచోడే, ఆ టీవీతోనే పడలేం" అంది నాతో. చివరికి మేడం, వంటయ్యాక నువ్వే ఆయన పక్కన కూచో అని ఉమ్మ్ నస్రీన్‌కు చెప్పింది.

కూచుంది. మొదటి నెల ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

"ఒకటే మ్యాచిని రోజూ ఏస్తాండారేమో అనుకున్న్యా రామాంజీ," అని తర్వాత నాతో చెప్పింది. "ఒకరోజు గుడ్డలు మారినాయి. అప్పుడు డౌటొచ్చింది."

బాబాతో ఆమె మాట్లాడేది అరబ్బీయే. ఆ అరబ్బీలో క్రియలు తక్కువ, చేతులు ఎక్కువ. నేను తెలుగులోకి మార్చి చెబుతున్నాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఫ్రీ త్రో గురించి.

"బాబా, అందరూ నిలబడి చూస్తాండారు, ఆ పిల్లోడు ఒక్కడే ఏస్తాండాడు. ఎవురూ అడ్డం పోరేం?"

"వాణ్ని కొట్టారు. అందుకని వాడికి రెండు వేసుకోనిస్తారు. అడ్డం పోకూడదు."

"ఎవురు చెప్పినారు కొట్టినారని?"

"రెఫరీ చూశాడు."

"కాయితం పెట్టుకోలేదా? ఆఫీసుకు పోలేదా?"

"లేదు. అక్కడికక్కడే."

 ఇక్కడికి రాకముందు ఉమ్మ్ నస్రీన్ కువైట్‌లో ఒక ఇంట్లో చేసింది. అక్కడ చెంపదెబ్బ తిని ఫిర్యాదు పెట్టుకుంటే, ఆ ఫిర్యాదు తేలకముందే ఆమె వీసా తేలిపోయింది, ఇంటికి పంపేశారు. దెబ్బ తిన్నవాడికి అక్కడికక్కడే న్యాయం, అదీ కొట్టినవాళ్లందరూ చేతులు కట్టుకుని చూస్తుండగా. అలాంటిది ఒకటి లోకంలో ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రం నుంచి ఎవరూ చెప్పకుండానే వచ్చి కూచునేది.

ఇంకో నెలకు ఆమెకొక అభిప్రాయం ఏర్పడింది. ఆ అభిప్రాయం బాబాకు నచ్చలేదు. బాబాది ప్రొఫెషనల్ ఆటగాళ్ల పక్షం. ఆటంటే వాళ్లదే, కాలేజీ కుర్రాళ్లకు బంతి సరిగ్గా వెయ్యడం కూడా రాదు అనేవాడు. ఉమ్మ్ నస్రీన్‌ది కాలేజీ పక్షం.

"ఆ పెద్దోల్లు ఓడిపోయినా నగుకుంటా చేతులు కలుపుకుంటారు. ఎల్లుండి ఇంకోటుంటాది. పిల్లోల్లకు మార్చి పోటీలో ఒక్కటి పోతే ఫైనల్ ఎగ్జిట్టే, ఇంక ఇంటికే. గుక్కపట్టి ఏడుస్తారు. ఆట అంటే అదీ."

"ఏడవడం ఆట కాదు," అనేవాడు బాబా.

"కాలేజీ ఆటలో మధ్యమధ్యలో అమ్మల్ని చూపిస్తారు. పెద్దోల్ల ఆటలో సినిమావోల్లని చూపిస్తారు. వాల్లకేం నొప్పి?"

బాబా టీవీ సౌండు పెంచాడు.

ప్రొఫెషనల్ ఆటగాణ్ని ఒక ఊరి జట్టు ఇంకో ఊరి జట్టుకు ఇచ్చేస్తుందని తెలిసిన రోజు ఆమె వంటింట్లోంచి నన్ను పిలిచి మరీ చెప్పింది. "కఫీల్ మారినట్టే అనుకో రామాంజీ. ఆయప్పను అడగను కూడా అడగరంట. పొద్దున లేస్తే వేరే ఊరు." కఫీల్ అంటే మమ్మల్ని వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న యజమాని. కోట్లు తీసుకుంటారు కదక్కా అన్నాను. "జీతం ఎక్కువైతే అడిగే పన్లేదా?" అంది.

అయితే ఒక ఏడాది ఆమె పక్షానికే దెబ్బ తగిలింది. ఎర్ర చొక్కాల కాలేజీలో ఆమెకు బాగా నచ్చిన ఒక సన్నటి కుర్రాడు ఉండేవాడు. మరుసటి ఏడు వాడే నీలం చొక్కాలో కనబడ్డాడు. ఇప్పుడు కాలేజీ పిల్లలూ డబ్బు తీసుకోవచ్చు, కాలేజీలూ మారొచ్చు అని బాబా వివరించాడు. గెలిచినవాడి మొహంతో వివరించాడు. మూడు రోజులు ఆమె మా ఇద్దరికీ చేసుకునే సాంబారులో ఉప్పు మరిచిపోయింది. నాలుగో రోజు తేల్చింది: "పోనీలే. ఈడు తనంతట తానే అడిగి మారినాడు కదా. ఆ పెద్దోల్లను ఎవురో మార్చినారు." మళ్లీ కాలేజీ పక్షమే.

ఇంతలో మేడం కూతురు, బాబా మనవరాలు లుజైన్ యూనివర్సిటీలో చేరి, అక్కడి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతోంది. ఆ పిల్లకు తాతంటే ప్రాణం, జిద్దూ అని పిలుస్తుంది. అతిథుల్ని కూచోబెట్టే మజ్లిస్ గది గోడమీద బాబా కుర్రతనపు ఫోటో ఒకటుంది. బాగా పొడుగాటి అమెరికన్ ఆటగాళ్ల మధ్యలో, భుజాన తువ్వాలుతో నవ్వుతూ ఉంటాడు. మా తాత అమెరికాలో ఆడాడు అని లుజైన్ జట్టులో అందరికీ చెప్పింది. మనవరాలి ఆట చూడ్డానికి మాత్రం బాబా ఒక్కసారీ వెళ్లలేదు. అమ్మాయిలు ఆడటం తప్పని కాదు. "అది బాస్కెట్‌బాల్ కాదు, పరుగు" అనేవాడు.

యూనివర్సిటీల పోటీలో లుజైన్ జట్టు ఫైనల్ దాకా వచ్చింది. ఆటకు కుటుంబాలను రానిస్తారు. ఆ సాయంత్రం మేడం చీటికీ మాటికీ గడియారం చూసుకుంటోంది. బాబా టీవీ ముందు కదల్లేదు. ఉమ్మ్ నస్రీన్ అబాయా వేసుకుని వచ్చి, టీవీ ఆపేసి, రిమోటు తన సంచిలో వేసుకుంది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు బాబా.

"నేను ఫైనల్ చూడ్డానికి పోతాండా. రిమోట్ నాతోనే వస్తాది. నీకు రిమోట్ కావల్లంటే నువ్వూ రా."

మేడం నేలచూపులు చూసింది. బాబా మొహం ఎర్రబడింది. కాసేపటికి, "చెప్పులు తొడుగు" అన్నాడు నాతో.

కుర్చీ ఎత్తి దించాలి కాబట్టి నన్నూ లోపలికి రానిచ్చారు. లుజైన్ చాలాసేపు బెంచీ మీదే ఉంది. బాబా మొదటి పది నిమిషాలు కళ్లు మూసుకుని కూచున్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచాడు. తర్వాత కోచ్ ఎందుకు తప్పు చేస్తోందో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. చివర్లో ఒక అమ్మాయి కాలు మడతపడటంతో ఆటలోకి లుజైన్‌ను దించారు. ఉమ్మ్ నస్రీన్ లేచి నిలబడి, "అట్ల దూరు పాపా! సందులో దూరు!" అని తెలుగులో అరిచింది. లుజైన్‌కు అర్థమైందో లేదో, సందులోనే దూరింది. అవతలి అమ్మాయి ఆమెను కింద పడేసింది. ఆట ముగియడానికి క్షణాలే ఉన్నాయి. లుజైన్ జట్టు రెండు పాయింట్లు వెనకుంది. రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు.

"ఇప్పుడు అడ్డం పోరు," అని ఉమ్మ్ నస్రీన్ ధైర్యం చెప్పింది, ఎవరికో తెలీదు. ఆమె ఒక చెయ్యి బాబా కుర్చీని పట్టుకుని ఉంది.

మొదటిది పడింది. రెండోది రింగు చుట్టూ తిరిగి బయటికి దొర్లింది. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు బాబా నా పక్క సీట్లో, ఆడవాళ్లు ముగ్గురూ వెనకాల. లుజైన్ గుక్కపట్టి ఏడుస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగాం.

"నీ మోచెయ్యి బయటికి పోతోంది," అన్నాడు బాబా.

"నువ్వైతే వేసేవాడివి జిద్దూ," అంది లుజైన్ ఏడుపులోనే. "నీ పరువు తీశాను."

బాబా అద్దంలోంచి ఎదురుగా రోడ్డునే చూస్తున్నాడు. "నేనెప్పుడూ ఆడలేదు," అన్నాడు.

"మరి ఆ ఫోటో?"

"జట్టుకు తువ్వాళ్లు ఇచ్చేవాణ్ని. నీళ్ల సీసాలు కూడా."

పచ్చలైటు పడింది. వెనక బండివాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు.

"ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పలేదేం మామా?" అంది మేడం.

"ఎవరూ అడగలేదు. ఫోటో చూసి మీరే అనుకున్నారు. అనుకున్నది బాగుంది."

 ఉమ్మ్ నస్రీన్‌కు మాత్రం ఇందులో దాచాల్సిందేముందో అర్థం కాలేదు. తువ్వాలు ఇవ్వడమూ పనే కదా.

"బాబా," అంది, "ఓడిపోయినప్పుడు తువ్వాలు మొదట ఎవురు అడిగేవోల్లు?"

బాబా ఆలోచించాడు. "మొహం దాచుకోవాల్సినవాళ్లు," అన్నాడు. "మా కాలేజీ చాలాసార్లు ఓడిపోయింది. ఇరవయ్యేళ్ల పిల్లలు. నెత్తిమీద తువ్వాలు కప్పుకుని బెంచీ చివర కూచునేవాళ్లు. వాళ్ల దగ్గరికి మళ్లీ ఇంకో తువ్వాలు తీసుకుపోవాలి. మొదటిది తడిసిపోయేది."

"అందుకేనా పెద్దోల్ల ఆట చూసేది?"

"వాళ్లు చెమట తుడుచుకోడానికే వాడతారు," అన్నాడు బాబా.

వెనకనుంచి లుజైన్ ముక్కు ఎగబీల్చడం వినబడింది. బాబా పనిచేసే చేత్తో బండిలో ఉన్న టిష్యూ డబ్బా తీసి, తల తిప్పకుండానే భుజం మీదుగా వెనక్కి అందించాడు. చీకట్లో అది సరిగ్గా లుజైన్ చేతిలోకే వెళ్లింది.

తర్వాతి శుక్రవారం నేను పెరటి గోడకు బాస్కెట్ బిగించాను. రియాద్‌లో ఉద్యోగం చేసే బాబా కొడుకు ఫోన్ చేసి, గోడకు కన్నాలు ఎందుకు పెట్టావని నన్ను తిట్టాడు. బాబా ఫోన్ తీసుకుని ఆయన్ను తిట్టాడు. ఆ రోజు నుంచి సాయంత్రం అసర్ నమాజు అయ్యాక బాబా కుర్చీలోంచి మోచెయ్యి, మోచెయ్యి అని అరుస్తాడు, లుజైన్ వేస్తుంది. ఉమ్మ్ నస్రీన్ అడ్డం నిలబడి పొడుగాటి చీపురు పైకెత్తి పట్టుకుంటుంది. చీపురు దాటించి వేస్తే ఎంత పొడుగు పిల్లనైనా దాటించొచ్చని ఆమె సిద్ధాంతం. ఒకసారి బంతి ఆమె నుదుటికి తగిలింది. తనకు రెండు ఫ్రీ త్రోలు రావాలని పట్టుబట్టి రెండూ వేసింది. రెండూ గోడ అవతల పడ్డాయి. నేను వెళ్లి తెచ్చాను.

మరుసటి ఏడు లుజైన్ మొదటి అయిదుగురిలో ఆడింది. బాబా ఒక్క ఆటా మానలేదు. ఒకసారి రెఫరీ వచ్చి, పెద్దాయన్ను కాస్త తగ్గమనండి అని నాతో చెప్పి వెళ్లింది. ఫైనల్‌కు ఈసారి జట్టు వెళ్లలేదు, సెమీస్‌లోనే పోయారు. బాబా ఆ రోజు ఇంటినుంచే తువ్వాళ్లు తెచ్చాడు.

ఆ మార్చిలోనే ఉమ్మ్ నస్రీన్ సెలవు మీద ఊరికి పోవాల్సి ఉంది. పోయి మళ్లీ రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చేసింది, మేడం టికెట్టు కూడా చూసింది. అప్పుడే అమెరికాలో కాలేజీల పోటీలు మొదలయ్యాయి. నస్రీన్ ఫోన్ చేసింది. వాళ్ల ఉర్దూను నేను తెలుగులో చెబుతున్నాను.

"అమ్మా, ఎప్పుడొస్తాండావ్?"

"వచ్చే నెల్లో వస్తాలే."

"ఏమైంది? కఫీల్ పంపించలేదా?"

ఉమ్మ్ నస్రీన్ టీవీ వైపు చూసింది. సన్నటి కుర్రాడొకడు ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి ఉన్నాడు. బాబా నోటిమీద వేలు పెట్టి, మాట్లాడొద్దని సైగ చేశాడు.

"పంపించల్యా," అని ఫోన్ పెట్టేసింది.