చేపలకు నెమ్మది లేని రోజులు

నేను వనపర్తి నుంచి హైదరాబాదుకు బస్సు నడుపుతాను. పెబ్బేరు సంత రోజున అడ్డం వచ్చిన ఎద్దును తప్పించబోయి బైకు మీద నుంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాను. దవాఖానలో కట్టు కట్టి, ఎముక అతికేదాకా ఇల్లు కదలొద్దన్నారు. రోజంతా రోడ్డు మీద ఉండేవాణ్ని మంచానికి అతుక్కుపోయాను. బయట హారన్ వినిపిస్తే చాలు, కట్టులో ఉన్న కాలు బ్రేకు కోసం వెతికేది.

నా అవస్థ చూడలేక డిగ్రీ చదివే మా అమ్మాయి చిన్న అక్వేరియం తెచ్చింది. అడుగున గులకరాళ్లు పరిచి, నీటిమొక్కలు నాటి, ఫిల్టరు బిగించింది.

"జర దీన్ని సూసుకుంట కూసో నాయినా. నీళ్లు కుదురుకున్నంక చాపలు తెస్త" అంది.

వట్టి నీళ్లను చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. తను కాలేజీకి వెళ్లగానే ఆటో పిలిపించుకుని గప్పీ చేపలు కొనుక్కొచ్చాను.

ఇక చేతికి పని దొరికింది. గులకరాళ్లను ఓ పక్కకు ఎత్తుగా పోశాను, మర్నాడు నచ్చక చదును చేశాను. గద్వాల నుంచి వస్తూ బావమరిది కృష్ణా నదిలో ఏరుకొచ్చిన నల్లరాళ్లను నిలబెట్టాను, పడుకోబెట్టాను. వెనక నీలం కాగితం అతికించి, పీకేసి, పచ్చది అంటించాను. నేను చెయ్యి పెట్టినప్పుడల్లా చేపలు ఓ మూలకు పోయి ముద్దయ్యేవి.

"నువ్వు ఒక్కతాన కూసోలేవు. వాటినన్న కూసోనియ్యరాదు" అంది నా భార్య.

"గలీజుగున్నది. కడుగుత."

"ఏడున్నది గలీజు? నిన్ననే కడిగితివి గద."

వినలేదు. ఓ పొద్దున చేపల్ని బకెట్లోకి మార్చి తొట్టి మొత్తం ఖాళీ చేశాను. రాళ్లు తోమాను, ఫిల్టరులోని నల్లటి స్పాంజిని నల్లా కింద తెల్లబడేదాకా పిండాను. నల్లా నీళ్లే నింపి చేపల్ని వదిలి, రాళ్లను కొండల్లా పేర్చాను. అంత అందంగా ఎప్పుడూ కుదరలేదు. మధ్యాహ్నానికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. రెండు అప్పటికే వెల్లకిలా పడ్డాయి.

ఫోన్ చేస్తే అమ్మాయి పరుగున వచ్చింది. స్పాంజిని చూసి తల పట్టుకుంది.

"ఆ జిగటల ఉండే సూక్ష్మజీవులే నీళ్లను బాగుచేస్తయి నాయినా. కడిగితే అవి పోతయి. నల్లా నీళ్లల క్లోరిన్ మందు గూడ కలుపుతరు, ఒక రోజు నిలవుంటెనే అది పోతది."

"నాకేం తెల్సు? సాఫ్ చేద్దామనుకున్న."

నా భార్య ముందురోజు నీళ్లు పట్టి మూత తీసిపెట్టిన బిందెలు తెచ్చింది. సగం నీళ్లు తోడి, ఆ నిలవనీళ్లు మెల్లగా పోశారు. నన్ను తొట్టి ముట్టొద్దన్నారు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. లోపల ఏదో ఒకటి సర్దాలని, గాలి గొట్టాన్నయినా జరపాలని వేళ్లు పీకుతూనే ఉన్నాయి. సాయంత్రానికి మిగిలిన చేపలు ఒక్కొక్కటే కిందికి దిగి మొక్కల మధ్య తిరగసాగాయి. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

కొన్నాళ్లకు కట్టు విప్పారు. మోకాలు ఇంకా పూర్తిగా మడవడం లేదు. డిపోలో కూర్చుని చేసే పనే ఇచ్చారు, మళ్లీ బస్సు ఇస్తారో లేదో చెప్పలేదు. అమ్మాయి మాత్రం నాకో సడలింపు ఇచ్చింది: ఆదివారం ఆదివారం తొట్టిలో ఒక్క రాయి జరుపుకోవచ్చు. సోమవారం నుంచే ఏ రాయో ఆలోచిస్తాను. శనివారానికల్లా మనసు మారిపోతుంది.