గేటు వేయని పాపానికి

అడిలైడ్‌లో ఎమ్మెస్ చదివే రోజులవి. ఊరి బయట రైళ్లు తిరగడం మానేసిన ఓ పాత రైలు మార్గం కంకర దారిగా మారింది. ఓ ఆదివారం దాని మీద సైకిల్ తొక్కుతూ, పశువులు బయటికి పోకుండా దారికి అడ్డంగా పెట్టిన గేటు తీసి, మళ్లీ వేయకుండానే వెళ్లిపోయాను. కాసేపటికి వెనక్కి చూస్తే ఇరవై ఆవులు నా వెంటే పరిగెత్తుకొస్తున్నాయి. ముందేమో లారీలు తిరిగే రోడ్డు! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంతలో వాటి యజమానురాలు ఎదురొచ్చి, "మేత తెచ్చావనుకున్నాయి. వాటి పక్కనుంచి మళ్లీ గేటు వైపు తొక్కు, అవే నీ వెంట వస్తాయి" అంది. సైకిల్ తిప్పి తొక్కాను. అన్నీ బుద్ధిగా నా వెనకే లోపలికొచ్చాయి. ఆవిడ గేటు వేశాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన తెనాలి దగ్గర రైల్వే గేట్‌మన్. "నీకేం కాలేదు కదా?" అని రెండుసార్లు అడిగాకే నవ్వాడు. ఆ తర్వాత ఆయనన్న మాట, ఇప్పటికీ ఏ గేటు దాటినా వినిపిస్తుంది: "రైళ్లు పోయినా గేటు గేటేనమ్మా!"