గ్లాసుల చప్పుడు

ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు. తడిసిన కట్టెలు చూరు కిందకి చేర్చి చర్చికి వెళ్ళాను.

ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం గ్లాసుల పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరిగేది నేనే. ఈ రోజు చేతులు వణికి గ్లాసులు గలగలమన్నాయి. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాళ్ళు కూడా తెరిచి చూశారు.

దిగులుకి రాజమండ్రి డాక్టరు గారు రాసిన మాత్రలు కొత్తగా వేసుకుంటున్నాను. మొదట్లో వణుకు, వికారం ఉండొచ్చు, మెల్లగా తగ్గుతాయి, మీ అంతట మీరు ఆపొద్దు అని ఆయన ముందే చెప్పారు. ఈ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

బయటికొచ్చాక సంఘ పెద్ద దానియేలు గారు నన్ను పక్కకి పిలిచి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించారు.

"ఏరా అబ్బాయ్, మొదలెట్టావా ఏంటి?"

"అవునండి" అన్నాను.

"సర్లే, ప్రార్థన చేద్దాం. పళ్ళెం కొన్నాళ్ళు ఇంకొకరు పట్టుకుంటారు" అని భుజం తట్టారు.

నేను జన్మలో మందు ముట్టలేదు. కానీ పిచ్చికి మాత్రలు మింగుతున్నాడనే మాట కంటే తాగుబోతు అనే మాటే తేలిగ్గా తోచింది. మా ఊళ్ళో తాగినవాణ్ణి మళ్ళీ మనుషుల్లో కలుపుకుంటారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "నన్ను తాగుబోతు పెళ్ళాం అనుకుంటే అనుకోనివ్వండి. మీరు ఆ మందు ఆపకండి, అంతే చాలు" అంది.

దానియేలు గారు కూడా నేనిక్కడ రాసేవి చదువుతారు. అందుకే రాస్తున్నాను. మీరైతే ఆయనకి ఏం చెప్పేవారు?

ఇప్పుడే భోజనం అయింది. ఆవిడ గ్లాసులో సగమే నీళ్ళు పోసి పక్కన పెట్టింది, తొణకకుండా.