కొత్త డిస్కులకు ఆముదం బొట్లు

ఈ పొద్దు ఆయుధపూజ. తెల్లవారి వీధి అరుగు మీద కూర్చున్నానో లేదో, ఆముదంలో కలిపిన కుంకుమ వాసన, దాని వెనకే కొత్త ఇనుము వాసన వచ్చి ముక్కుకు తగిలాయి. చూస్తే మా మనమడు వంశీ కారు ముందర వాడి భార్య సుమ గిన్నె పట్టుకుని గొంతుక్కూర్చుని ఉంది. ముందు చక్రాల కమ్మీల సందుల్లోంచి వేలు దూర్చి, లోపల అద్దంలా మెరిసే డిస్కుల మీద వరసగా బొట్లు పెడుతోంది. ఆ డిస్కులూ, వాటిని పట్టి ఆపే ప్యాడ్లూ వాడు పోయిన వారమే మార్పించాడు. కారుతో వచ్చినవి వాడి వేగానికి చాలలేదట. హైవేలో గట్టిగా బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోందని, చిల్లులు పొడిచి గీతలు చెక్కిన పెద్ద డిస్కులు, ఎంత వేడికైనా తట్టుకునే ప్యాడ్లు బెంగళూరు నుంచి తెప్పించి బిగించుకున్నాడు. మంచి పనే చేశావని నేనూ అన్నాను. అయితే పూజ కాగానే పెళ్లాన్నీ రెండేళ్ల కూతుర్నీ ఎక్కించుకుని సండూరు కొండ మీది గుడికి పోయి, సాయంత్రానికి ఆ ఘాటురోడ్డు దిగి రావాలని వాడి ఏర్పాటు. డిస్కులకు ఆముదం పూసుకుని ఘాటు దిగుతారా అని అడిగాను.

"సుమ్మనుండు తాతా. రెండు బొట్లకే ఏమైతాది? బెంగళూరు మాలు ఇది" అన్నాడు వంశీ, ఫోనులోంచి తలెత్తకుండా.

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ తర్వాత పొట్లం కట్టిన కాగితం మొదలు దొరికిందల్లా చదువుకుని నా అక్షరాలు నేనే దిద్దుకున్నాను. కానీ బ్రేకు మీద నూనె పడితే ఏమవుతుందో నేను ఏ కాగితంలోనూ చదవలేదు. పదేళ్ల వయసులో, ఇట్లాంటి ఆయుధపూజ నాడే తెలుసుకున్నాను.

అప్పట్లో మేం సంగనకల్లు దగ్గర ఉండేవాళ్లం. దసరా వచ్చేసరికి వానలు వెనకబట్టి, చెనిక్కాయలు పీకడం మొదలై, ప్రతి ఇంటి ముందరా ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కాయల ఆవిరి లేచేది. జొన్నచేల మీదినుంచి వచ్చే గాలికి అప్పుడప్పుడే చలి పట్టేది. బడికి సెలవులు గనుక పిల్లలమంతా గుట్ట పక్క దారిలో బేరింగు బండ్ల మీద ఉండేవాళ్లం. చెక్కపలక కింద పాత లారీ బేరింగులు మూడు తగిలిస్తే అదే మా బండి. గరగరమని నిప్పురవ్వలు రాల్చుకుంటూ దిగువకు దూసుకుపోయేది. బ్రేకు అంటే మా కాళ్లే. అరికాలి చెప్పును నేలకేసి రాస్తే రబ్బరు కాలిన కంపుతో బండి ఆగేది, మడమ దగ్గర చెప్పుకు కన్నం పడేది, ఆ కన్నం చూసి మా అమ్మ వీపు వాయించేది.

మా నాయనకు ఒక లారీ ఉండేది. సండూరు కొండల్లోంచి ఇనుపరాయి నింపుకొచ్చి రైల్వేస్టేషను దగ్గర దించేవాడు. ఇంటికొచ్చేసరికి ఆ రాతిదుమ్ముకు కనుబొమలు కూడా ఎర్రగా ఉండేవి. ఎక్కేటప్పుడు ఖాళీ బండి, దిగేటప్పుడు నిండు బండి. అందుకని ఆయన ఇంజను కంటే బ్రేకును ఎక్కువ చూసుకునేవాడు. ఏటా దసరా ముందర టౌనులోని కంటోన్మెంటు నుంచి ఇబ్రాహీం సాబు అనే మేస్త్రీ వచ్చి, మా కొట్టంలో లారీని దిమ్మెల మీద ఎత్తి నిలబెట్టి, చక్రాలు విప్పి, బ్రేకుల్లో అరిగిన లైనర్లు పెరికేసి కొత్తవి వేసేవాడు. ఇప్పటి ప్యాడ్లలాగా డబ్బాలోంచి తీసి దూర్చేది కాదు అది. నల్లరాతి పలకల్లాంటి లైనర్లకు బెజ్జాలు పొడిచి, రివిట్లు కొట్టి, పైన సుద్దముక్క రాసి, డ్రమ్ము తొడిగి ఒక చుట్టు తిప్పి మళ్లీ ఊడదీసేవాడు. సుద్ద చెరిగిన చోట ఆకురాయితో అరగదీసి మళ్లీ సుద్ద రాసేవాడు. లైనరు ఒళ్లంతా ఒకే తీరుగా చెరిగేదాకా పూటలు పూటలు అదే పని. లేచిన దుమ్మును నోటితో ఊదేవాడు, మేమూ పోటీపడి ఊదేవాళ్లం. ఆ దుమ్ము విషమని ఆయనకూ తెలీదు, మాకూ తెలీదు. చివరి రోజుల్లో దగ్గి దగ్గి పోయాడు పాపం.

ఆ ఏడు పని పండుగలోకి జరిగింది. అరగదీసి పెట్టి, ఇంకా బిగించకుండా మిగిలిన సామాన్లన్నీ గోనెపట్టా మీద పరిచి ఉండగానే ఆయుధపూజ వచ్చేసింది. మా జేజికి, అంటే మా నాయన తల్లికి, ఇంట్లో ఇనుము అనేది ఏదీ ఆ రోజు బొట్టు లేకుండా ఉండగూడదు. నాగలి కర్రు, కొడవళ్లు, కత్తిపీట, అట్లకాడ, పానాలు, జాకీ, అన్నిటికీ బొట్టే. ఉత్తి కుంకుమ రాలిపోతుందని ఆముదంలో కలిపేది. బొట్లు పెట్టే పని పెద్ద మనవణ్ణని నాది. నేను వరసగా పెట్టుకుంటూ పోయి, పట్టా మీదున్న లైనర్లలో నాలుగింటికి పెట్టి, అవి కొత్తవి గదా, జేజి సంతోషపడుతుందని ఇంకొంచెం ఆముదం అరచేత్తో రుద్దాను కూడా. రుద్దినాక సాబు తిడతాడేమోనని భయమేసింది. పాత గుడ్డతో తుడిచేశాను. కుంకుమ పోయింది. నల్లటి లైనరు మీద ఆముదం కనబడుతుందా?

మధ్యాహ్నం ఓళిగలూ నెయ్యీ తిని సాబు పనిలోకి దిగాడు. జలుబుతో ముక్కు బిగిసిపోయి ఉన్నాడు, లేకుంటే వాసన పట్టేవాడే. లైనర్లను ముట్టుకునే ముందు బూడిదతో చేతులు తోముకుంటుంటే ఎందుకని అడిగాను. "నూనె మరక తగిల్తే అది బ్రేకు కాదు బేటా, సబ్బు. కొండ మీద కాలు పెడ్తే జారుకుంటాది" అన్నాడు. ఆ మాట విని నా చేతులు వెనక దాచుకున్నాను. చూస్తుండగానే చక్రాలు బిగించేశారు. రాత్రి రెండుసార్లు లేచి పోయి లారీ చక్రాలు చూసి వచ్చాను. తెల్లారితే విజయదశమి, మంచిదినమని నాయన మొదటి లోడుకు పోతాడు.

మరునాడు పొద్దున లారీ ముందర బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. నాయన ఎక్కి కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. జేజి హారతి తిప్పుతోంది. నేను పోయి మెట్టు పట్టుకుని, లైనర్లకు ఆముదం రాసినానని చెప్పాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినబడలేదు. నాయన ఇంజను ఆపేసి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

"ఎన్నింటికి?" అన్నాడు.

"నాలుగింటికి."

"యా చక్రాలవి?"

తెలీదన్నాను. నాయన దిగి, సాబును పిలుచుకు రమ్మని సైకిలు మీద మనిషిని పంపాడు. జేజి అడ్డం పడింది, "పూజ చేసిన బండిని విప్పుతారా, పిల్లోడు ఏందో వాగుతాండాడప్పా" అంది. "వాగినా సరే, విప్పి చూసేదే" అన్నాడు నాయన. ఊరంతా జమ్మి ఆకులు పంచుకుంటూ తిరుగుతుంటే, మా కొట్టంలో చక్రాలన్నీ మళ్లీ నేల మీదికి వచ్చాయి. సాబు ఒక్కొక్క లైనరునూ ఎండలో వంచి చూసి, నిగనిగలాడే నాలుగింటిని పక్కన పెట్టి నావైపు చూశాడు. తిట్టలేదు. "చెప్పినావు గదా, బస్, అంతే చాలు" అన్నాడు. వాటిని పారేసి కొత్తవి వేసి, మళ్లీ సుద్ద రాసి అరగదీసేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ సుద్ద రాసే పని నాచేతనే చేయించారు.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, ఆ సుద్ద లేదు, సాబు ఊదిన దుమ్ము లేదు. పోతే పోనీ, దుమ్ము పోవడమే మంచిది. వంశీ వేయించిన డిస్కులు మా నాయన డ్రమ్ముల కంటే నూరుపాళ్లు మేలని నేనే ఒప్పుకుంటాను. నా కడుపుమంట వేరే. ఆ రోజు పదేళ్ల పిల్లవాడు చెప్పిన మాటకు, వాడు నిజం చెబుతున్నాడో లేదో కూడా తెలియకుండానే, హారతి పళ్లెం ముందర అంత లారీ ఆగిపోయింది. ఈ రోజు డెబ్బై ఆరేళ్లవాణ్ణి, ముమ్మారు చెప్పాను, ఈ కథంతా విడమరచి చెప్పాను. సుమ "పూజ చేసింది తుడవగూడదు తాతా" అని లోపలికి పోయింది. వంశీ డిస్కులు బిగించిన అంగడికి ఫోను చేశాడు, పండుగ గనుక ఎవరూ ఎత్తలేదు. ఎత్తలేదంటే ఏమీ కాదనే అర్థమని తేల్చి, బిడ్డను వెనక సీట్లో కూర్చోబెట్టడానికి పోయాడు.

నేను లేచి లోపలికి పోయి, మేకుకు తగిలించిన కారు తాళంచెవి తీసి చొక్కా లోపలి జేబులో వేసుకుని వచ్చి మళ్లీ అరుగు మీద కూర్చున్నాను. రెండో తాళంచెవి ఎక్కడ పడేశాడో వాడికే తెలీదు.

ఇల్లంతా నామీద లేచింది. ముసలాయనకు చాదస్తం ముదిరిందన్నారు. పండుగపూట బిడ్డను ఏడిపిస్తున్నానన్నారు. అది నిజమే, బిడ్డ ఏడ్చింది. కాసేపటికి వంశీ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తాళం ఇయ్యి తాతా. పొద్దు పోతాండాది."

"చక్రాలు విప్పి ఆ ఆముదం కడుగప్పా, ఇస్తా."

విప్పడం వాడికి రాదు. జాకీ కారులో ఏ మూల ఉందో కూడా వాడు చూసి ఉండడు. నాకు వచ్చు, కానీ నట్లు తిప్పే బలం ఈ మణికట్లలో లేదు. మిట్టమధ్యాహ్నమైంది. అరుగుకు ఆ చివర వాడు, ఈ చివర నేను, ఇద్దరం అట్లాగే కూర్చుని ఉన్నాం.